రాయి మీద పద్నాలుగు పేర్లు

మా మామగారు పాపారావు గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. రిటైరైన సంగతి ఆఫీసుకి తెలుసు, ఆయనకే ఇంకా తెలియదు. ఏలూరు పక్కనే వట్లూరులో మా ఇంటి వరండాలో ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు రబ్బరు స్టాంపులు, ట్యాగులు కట్టిన పదకొండు ఫైళ్ళు ఉంటాయి. పాలు పలచగా ఉంటే పాలవాడితో చెప్పరు, ఉత్తరం రాస్తారు. ‘విషయం: పాల నాణ్యత గురించి’ అని మొదలుపెట్టి, కింద సంతకం, తేదీ. పాలవాడు దాన్ని ఎవరిచేతో చదివించుకుని, మర్నాటి నుంచి ఇంకొంచెం పలచగా పోస్తాడు.

ఆయనకు చెయ్యి వణుకుతుంది. అందుకని చెప్పడం ఆయన వంతు, రాయడం నా వంతు. నేను ఇందుజని, ఆయన ఒక్కగానొక్క కోడల్ని. పెళ్ళిచూపులనాడు వంట వచ్చా, పాట వచ్చా అని ఎవరూ అడగలేదు. ‘ఏదమ్మా, ఒక పేజీ రాసి చూపించు’ అన్నారు. రాసి చూపించాను. దస్తూరీ నచ్చింది. ఆ రోజే లేచి చక్కా వెళ్ళిపోవలసింది, వెళ్ళలేదు. మా ఆయన ఆనంద్ పాల్ తెలివైనవాడు. వాళ్ళ నాన్న ఏ ఉత్తరం చూపించినా చదవకుండానే ‘బావుంది నాన్నా’ అని స్కూటరెక్కి వెళ్ళిపోతాడు.

అయినా ఆయన గురించి నిజం కూడా చెప్పాలి. ఫ్యామిలీ పెన్షను ఆగిపోయిన ఆడవాళ్ళు ఎంతమందో మా వరండాలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళకోసం ఆయన రాయించిన ఉత్తరాలు ఏ ఆఫీసులోనూ ఊరికే పోలేదు. కాగితం ఉన్నవాళ్ళకి ఆయన దేవుడే. కాగితం లేనివాళ్ళు ఆయన కంటికి ఆనరు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఆయనకు ఒక అక్కగారు ఉండేవారు, పుష్పమ్మగారు. నాకు పెద్దమ్మ వరస. కొల్లేటి లంక ఊరొకటి ఉంది. పేరు రాయను, రాస్తే మామగారి నుంచి నాకే ఉత్తరం వస్తుంది. ఆ ఊరి మిషను బడిలో పెద్దమ్మ ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పింది. భర్త చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక ఏలూరు వచ్చెయ్యమంటే, ‘మీ ఇళ్ళల్లో గాలాడదురా’ అని చర్చి పక్క రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఊళ్ళోనే గంగరాజు అని ఒకాయన చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. కొల్లేటిలో సర్కారు వాళ్ళు చెరువుల గట్లు కొట్టించిన ఏడాది ఆయన పని పోయింది. పని వెతుక్కుంటానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. మరుసటేడు ఆయన భార్య అచ్చాయమ్మ జబ్బు చేసి పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల మిగిలింది, వీరదుర్గ. పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. దరఖాస్తు లేదు, దత్తత కాగితం లేదు. అన్నం పెట్టింది, జడ వేసింది, టీచర్ ట్రైనింగు చదివించింది. ఇప్పుడా అమ్మాయి ముదినేపల్లిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. బాప్తిస్మం తీసుకోలేదు. బొట్టు పెట్టుకునే చర్చికి వచ్చి పెద్దమ్మ పక్కన ముందు వరసలో కూర్చునేది. అప్పటి పాస్టరుగారు ఒకసారి ఏదో అనబోతే, ‘ఆ పిల్ల సంగతి దేవుడు చూసుకుంటాడండీ, మీరు ప్రసంగం చూసుకోండి’ అందిట పెద్దమ్మ.

చివరి మూడేళ్ళు పెద్దమ్మకి పక్షవాతం. ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, ముద్దలు చేసి నోట్లో పెట్టడం అన్నీ వీరదుర్గే. మేము మాత్రం ఊరుకున్నామా? క్రిస్మసుకోసారి, ఈస్టరుకోసారి యాపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళి, మంచం చుట్టూ నిలబడి ఫొటో దిగి, చీకటి పడకుండా తిరిగొచ్చేవాళ్ళం.

వీరదుర్గ పెద్దమ్మని అమ్మా అని పిలిచేది. ఆ లెక్కన మా మామగారిని ‘మామయ్యగారండీ’ అనేది. ఆయనకది గొంతులో ముల్లు. ‘సార్ అనొచ్చమ్మా’ అని రెండు మూడుసార్లు చెప్పారు. ‘అలాగేనండీ మామయ్యగారండీ’ అనేది.

పెద్దమ్మ పోయి ఏడాది కావస్తుండగా, సెప్టెంబరులో మామగారు కొత్త ఫైలు తెరిచారు. తాడేపల్లిగూడెంలో ఉండే తమ్ముడు హెన్రీగారికి, ఏలూరులోనే ఉండే చెల్లెలు క్రిస్టినాగారికి మొదటి ఉత్తరం వెళ్ళింది. క్రిస్టినా పిన్ని ఇల్లు మా ఇంటికి ఆటోలో పావుగంట. అయినా పోస్టులోనే వెళ్ళింది.

‘పు.జ్ఞా.క./1. విషయం: కీర్తిశేషురాలు పుష్పమ్మగారి ప్రథమ జ్ఞాపకార్థ కూడిక మరియు సమాధి రాయి ఆవిష్కరణ. సూచిక: పంచాయతీ వారి మరణ ధ్రువీకరణ పత్రం. పై సూచికలో తెలిపిన తేదీ ప్రకారం నవంబరు 18వ తేదీన కూడిక జరపడానికి నిర్ణయించడమైనది. రాయి మీద వేయవలసిన పేర్లు, విద్యార్హతలు, హోదాలు వారం రోజులలో లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. గడువు దాటిన పేర్లు స్వీకరించబడవు.’

పు.జ్ఞా.క. అంటే పుష్పమ్మ జ్ఞాపకార్థ కమిటీ. కమిటీలో ఉన్నది ఆయనొక్కరే.

హెన్రీగారి కొడుకు బాబీ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. మామగారు ఒప్పుకోలేదు. ‘అవి వేలితో తుడిస్తే పోయే రాతలమ్మా. రేపు నేను అనలేదంటే నువ్వేం చూపిస్తావు?’ అన్నారు. దాంతో చచ్చినట్టు అందరూ పెన్నులు వెతుక్కున్నారు.

హెన్రీగారి జవాబు రెండు పేజీలు. అందులో అక్కగారి గురించి ఒక వాక్యం ఉంది, ‘అక్క ఆత్మకు శాంతి కలుగుగాక’ అని. తక్కినదంతా పేర్ల గురించి. తన పేరు ముందు ‘రిటైర్డు’ అని వేయాలట. భార్య పేరు విడి వరసలో రావాలట. బాబీ పేరు పక్కన బి.టెక్ అని ఉండాలట. బాబీకి ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలున్నాయి, ‘రాయి ఎక్కేలోపు పాసవుతాడు’ అని బ్రాకెట్లో రాశారు.

క్రిస్టినా పిన్ని నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ ఉత్తరం ప్రిస్క్రిప్షన్ లాగా పొట్టిగా ఉంది. ‘నేను హెన్రీ కన్నా పెద్దదాన్ని. నా పేరు పైన ఉండాలి. భోజనాల్లో చేపలు వద్దు, లంకలో వాళ్ళు రోజూ తినేవే. మటన్ పెట్టించండి.’

మామగారు ఒక్కొక్క ఉత్తరం మీద ‘అందినది’ అని స్టాంపు గుద్ది, జవాబు చెప్పేవారు, నేను రాసేదాన్ని. అక్టోబరు వచ్చేసరికి ఫైల్లో ఇరవై రెండు కాగితాలు చేరాయి. మగవాళ్ళు ముందా, వయసు ముందా? కోడళ్ళు కూతుళ్ళ కిందా, పక్కనా? బల్ల మీద స్కేలు పెట్టి వరసలు గీసి చూసుకున్నారాయన. చివరికి పద్నాలుగు పేర్లు తేలాయి. నాది పదకొండోది, ఎం.ఏ. తో సహా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఎం.ఏ. నేనే వేయించుకున్నాను.

పదమూడు ఉత్తరాలు రాశాక ఒకటి వచ్చింది, మేము రాయమనకుండానే. రూళ్ళ కాగితం, గుండ్రటి టీచరమ్మ రాత.

‘మామయ్యగారికి వీరదుర్గ నమస్కారములు. అమ్మకి రాయి వేయిస్తున్నారని చర్చిలో చెప్పారండీ. చాలా సంతోషమండీ. రాయి మీద కూతురు అని నా పేరొకటి వేయించండి. చదువు వేయక్కర్లేదండీ. ఇంకేమీ అడగను. అమ్మ ఇంట్లో సామాను జాగ్రత్తగా ఉంది, మీరు ఎప్పుడు వచ్చినా చూసుకోవచ్చు. వర్షాలకి సమాధి పక్క మట్టి జారితే పోయించాను.’

నేను చదివి వినిపించాను. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కరిగారేమో అనుకున్నాను. కాదు, దుమ్ము పడిందట.

“రాసుకోమ్మా. నీ ఉత్తరం అందినది. పరిశీలించడమైనది. రక్తసంబంధం గానీ, దత్తత పత్రం గానీ, సంఘం రిజిస్టరులో నమోదు గానీ లేనందున, నీ కోరికను మన్నించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.”

“మావయ్యగారండీ, ఆ అమ్మాయే కదండీ అన్నీ చేసింది” అన్నాను.

“చెయ్యలేదని ఎవరన్నారమ్మా? కూడికలో ఒక శాలువా కప్పుదాం. అది వేరే సంగతి. రాయంటే రికార్డు. రికార్డులో లేనిది రాయి మీద ఎలా పెడతాం?”

నేను ఇంకొక మాట అనవలసింది. అనలేదు. పైగా ఆ ఉత్తరం నా చేత్తోనే, నా ముత్యాల్లాంటి దస్తూరీతోనే రాశాను. ‘చింతిస్తున్నాము’ దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. అంతే, అంతకన్నా తిరుగుబాటు నా వల్ల కాలేదు. ఆ ఉత్తరానికి వీరదుర్గ నుంచి జవాబు రాలేదు.

ఏలూరులో ఒక మార్బుల్ షాపు వాళ్ళకి రాయి అప్పగించాం. వాళ్ళు కాగితం మీద నమూనా వేసి పంపించారు. దాన్ని మామగారు మూడుసార్లు అందరికీ పంపించి మూడుసార్లు సంతకాలు పెట్టించారు. ప్రతిసారీ దిద్దుబాట్లు వచ్చాయి. ఒక్కటి కూడా తమ పేరున్న వరస దాటి రాలేదు. పేర్లూ డిగ్రీలూ పెద్దవైపోయి చోటు చాలక, షాపువాడు పెద్దమ్మ పేరు అక్షరాలు రెండుసార్లు చిన్నవి చేశాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పెద్దమ్మ చెప్పే స్థితిలో లేదు.

నవంబరు పద్దెనిమిదిన రెండు వ్యాన్లలో బయల్దేరాం. ఒకటి ఏలూరు నుంచి, ఒకటి గూడెం నుంచి. కైకలూరు దాటాక చెరువు గట్ల మీద వ్యాను ఊగుతూ వెళ్ళింది. హెన్రీగారు దారి పొడుగునా కిటికీలోంచి చెరువులు చూసి, ఏది ఎవరిదో, ఏది సర్కారు జాగాలో ఉందో చెబుతూనే ఉన్నారని బాబీ తర్వాత చెప్పాడు. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీ బాబీ చేయించాడు. మధ్యలో పెద్దమ్మ ఫొటో, చుట్టూ మా అందరి ఫొటోలు. మా ఫొటోలు బాగా వచ్చాయి.

సమాధుల తోట ఊరి చివర, మెరక చేసిన గట్టు మీద ఉంది. రాయి అంతకు ముందు రోజే నిలబెట్టి తెల్లగుడ్డ కప్పి ఉంచారు. సమాధికి కొత్తగా సున్నం వేసి ఉంది. మీద బంతిపూల దండ, పక్కన కరిగిపోయిన కొవ్వొత్తుల మైనం. దండ వాడిపోయింది.

పాట అయ్యింది, ప్రార్థన అయ్యింది. పాస్టరుగారు గుడ్డ తీశారు. అందరం ముందుకు వంగాం. పెద్దమ్మ కోసం కాదు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కున్నాం. హెన్రీగారు తన భార్య పేరు మీద వేలు పెట్టి చూసుకుని తల ఊపారు. క్రిస్టినా పిన్ని తన వరస తమ్ముడి వరస కన్నా పైన ఉందో లేదో కొలిచి చూసి నెమ్మదించింది. బాబీ తన బి.టెక్‌తో సెల్ఫీ తీసుకున్నాడు. నేను కూడా పదకొండో వరస చూసుకున్నాను.

వీరదుర్గ అందరి వెనక, ఊరి ఆడవాళ్ళతో నిలబడి ఉంది. లేత నీలం చీర, నుదుట బొట్టు. రాయిని పైనుంచి కిందిదాకా ఒక్కసారి చదివింది.

సంగతి అక్కడితో పోయేదేమో, కానీ క్రిస్టినా పిన్నికి ఫొటోలో వాడిన పూలు పడకూడదు. “ఈ దండ ఎవరేశారండీ? నిన్నటిదిలా ఉంది. తీసి కొత్తది వెయ్యండి” అంది.

“నేనేనండీ” అంటూ వీరదుర్గ ముందుకొచ్చింది. “నిన్నటిది కాదండీ, మొన్నటిదండీ. అమ్మ పోయిన రోజు కదండీ, వచ్చి వేసుకున్నాను.”

మామగారు తిరిగి చూశారు. “పోయిన రోజు ఈ రోజు కదమ్మా?”

“కాదండీ మామయ్యగారండీ. పదహారో తారీకండీ. తెల్లారగట్ల.”

“సర్టిఫికెట్లో పద్దెనిమిది ఉంది. నా దగ్గర కాపీ ఉంది” అన్నారాయన. సంచీలోంచి ఫైలు తీశారు కూడా.

“ఉంటుందండీ. పంచాయతీలో రాయించింది హెన్రీగారండీ. ఆయన వచ్చింది పద్దెనిమిదండీ.” ఆ పిల్ల గొంతు పెంచలేదు. ఊరి బడిలో పిల్లాడి లెక్క దిద్దుతున్నట్టు మెల్లగా చెప్పింది. “పదహారున నేను మీకు ఫోను చేశానండీ. హెన్రీ గూడెం నుంచి రావాలి, క్రిస్టినాకి ఏదో పనుంది, ఐస్ బాక్సు తెప్పించి పెట్టు, అందరం కలిసి ఒకేసారి వస్తాం అన్నారండీ. తెప్పించానండీ. రెండు రోజులు పక్కనే కూర్చున్నానండీ. పద్దెనిమిదిన మీరందరూ వచ్చారు, భూస్థాపన చేశారు.”

నాకు ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. ఆ ఫోను వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ‘పుష్పత్త పోయిందిట, ఎల్లుండి వెళదాం’ అని ఆనంద్ పాల్ చెప్పాడు. ఎల్లుండి అన్న మాట విని, ఈలోపు ఇంటి పనులు చక్కబెట్టుకోవచ్చని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తేదీని తర్వాత పదమూడు ఉత్తరాల్లో నా చేత్తో తప్పుగా రాశాను, ఒక్కసారైనా వేలు మడిచి లెక్క చూసుకోలేదు. మేము వచ్చిన రోజే ఆవిడ పోయిన రోజు అయిపోయింది మా అందరికీ. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

హెన్రీగారు గొంతు సవరించుకున్నారు. “ఆ హడావిడిలో ఏదో చెప్పాను, రాసుకున్నారు. రెండు రోజుల తేడాకేముందిలే, పాస్టరుగారు భోజనాలకి ప్రార్థన చేసేస్తే...”

మామగారు తమ్ముడి వైపు చూడలేదు. ఫైలు తెరిచి సర్టిఫికెట్టు చూశారు, రాయి చూశారు, మళ్ళీ సర్టిఫికెట్టు చూశారు. జీవితంలో మొదటిసారి కాగితం ఆయనకు ఎదురు తిరిగింది. ప్లాస్టిక్ కుర్చీ ఎవరో వేస్తే కూర్చున్నారు. ఆయన మొహం చూస్తే జాలేసింది నాకు. ఆ జాలి కూడా ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే వెంటనే ఆయనలో సూపరింటెండెంటు లేచాడు.

“సరే. తప్పు తప్పే. రాయి మార్చాలి” అన్నారు. “ఇంకా తప్పులేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పమ్మా. మళ్ళీ మళ్ళీ మార్చడం కుదరదు.”

వీరదుర్గ రాయి వంక ఇంకోసారి చూసింది. వాడిన దండ చేతిలోకి తీసుకుంది.

“ఒకటుందండీ” అంది. “కూతురి పేరు పడలేదండీ.”

గట్టు కింద నీళ్ళలో పడవ మీద పోతున్న మనిషి ఎవరో ఎవర్నో కేకేశాడు. పాస్టరుగారు బైబిలు మూశారు. ఊరి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఏడుపుకో నవ్వుకో తెలియలేదు. మామగారి దగ్గర ఆ పిల్లకి అడ్డుపెట్టడానికి జవాబు రాతపూర్వకంగా ఉంది, నకలు నా సంచీలోనే ఉంది. రక్తసంబంధం గానీ, దత్తత పత్రం గానీ అని. ఆ కాగితం అడుగుతారేమోనని నేను సంచీ వెనక్కి పెట్టుకున్నాను.

అడగలేదు.

“రాసుకోమ్మా ఇందుజా” అన్నారు. నేను పెన్ను తీశాను. “మరణం, నవంబరు పదహారు. కింద, కూతురు, వీరదుర్గ.” ఆగారు. “అంతే.”

నేను రాశాను. దస్తూరీ బాగా రాలేదు.

హెన్రీగారికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక రాయి దగ్గరికి వెళ్ళి, ఆ పద్నాలుగు వరసల మీద చెయ్యి వేసి, “అదేంటన్నయ్యా! మరి మా పేర్లు?” అన్నారు.

మామగారు ఫైలుకి ట్యాగు కడుతూ నెమ్మదిగా చెప్పారు.

“పేర్లెక్కడివిరా హెన్రీ? రాయి మీద పదహారో తారీకు వేస్తున్నాం. మనం వచ్చింది పద్దెనిమిదిన కదా.”